ఆఖరి జుజ్

1957 ఫిబ్రవరి ఏడు, గురువారం. ఆ సాయంత్రం సదాశివ తిన్నది రెండు జొన్నరొట్టెలు, అనపగింజల కూర, గిన్నె అడుగున మిగిలిన కాస్త పెరుగు. ఏళ్ళు గడిచాక కూడా ఆ తేదీ, ఆ కూర రుచి ఆయనకు కలిసే గుర్తొచ్చేవి. కూర పంపింది ఇల్లుగలావిడ నాగమణమ్మ. ఆయన దాన్ని ఒక్కడే కూర్చుని, ఎడమచేత్తో నవల పట్టుకుని తిన్నాడు. భార్య కోమలవల్లి ఉన్నన్నాళ్ళూ ఆ ఆటలు సాగలేదు. "జర కంచం గూడ చదువుండ్రి, అండ్ల గూడ ఏదో ఒకటి ఉంటది" అని పుస్తకం లాక్కునేది. ఆమె పోయి ఐదేళ్ళయింది. ఇప్పుడు పుస్తకం మీద పులుసు పడ్డా అడిగేవాళ్ళు లేరు.

ఆ నవల వచ్చి ఎనిమిది నెలలు కాలేదు, అప్పుడే అట్ట ఊడిపోయింది. పేరున్న కాగితం ఎవరి ఇంట్లోనో ఉండిపోయింది. శాలిబండ పఠనమందిరంలో అందరూ దాన్ని కథానాయిక పేరుతోనే 'వకుళ నవల' అనేవారు. లైబ్రేరియన్ బాలకిషన్ బుధవారం నాడు దాన్ని సదాశివ చేతిలో పెట్టి, "సార్, మీరు చదివినంక జర దస్తగీర్ తాన పడేయుండ్రి, అట్ట ఏస్తడు. మీ తొవ్వల్నే గద" అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "అవు గని, మీరు తిరిగి తెచ్చే పుస్తకాలు ఎప్పుడూ ఎచ్చగుంటయి, ఏంది కథ?" అని అడిగాడు.

సదాశివ పేజీల అంచులు సర్దడంలో పడ్డాడు. బాలకిషన్ మళ్ళీ అడగలేదు. క్షయ ఉన్న ఇంటికి పుస్తకాలు ఇవ్వకూడదని గోడమీద కాగితం అంటించింది అతనే. ఆ కాగితానికి వీపు తిప్పి, పుస్తకాన్ని సదాశివ పేరు మీద రాసుకున్నాడు.

పుస్తకాలు వెచ్చగా ఉండడానికి కారణం నళిని. నాగమణమ్మ కోడలు, ఇరవై ఆరేళ్ళ మనిషి. పెళ్ళికి ముందు ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పేది. భర్త రఘునాథ్ రైల్వేలో గార్డు, నెలకు రెండుసార్లు ఇంటికొస్తాడు. హరిబౌలిలోని ఆ ఇంట్లో ముందున్న రెండు గదులు సదాశివ అద్దెకుంటున్నవి. నడుమ పెద్ద వాకిలి. వాకిలికి అవతల, చివరి గదిలో నళిని మంచం. మూడేళ్ళ కొడుకును సైదాబాద్‌లో తల్లి దగ్గరకు పంపేసి ఐదు నెలలయింది. ఆమె చదివిన ప్రతి పుస్తకాన్ని సదాశివ మిద్దె మీద ఒక రోజంతా ఎండబెట్టేవాడు. గాలికి పేజీలు వాటంతటవే తిరుగుతుంటే, కనపడని మనిషెవరో కూర్చుని చదువుతున్నట్టే ఉండేది.

ఊరి బయట గుట్ట మీది ఆసుపత్రిలో మంచం కోసం ఏడు నెలలు ఎదురుచూశారు. నళిని రెండుసార్లు మొండికేసింది, "చస్తే ఈడనే చస్త, ఆ గుట్ట మీద ఎవరు జూస్తరు నన్ను" అని. పోయిన వారమే ఎట్లాగో ఒప్పుకుంది. సోమవారం పొద్దున చేరాలి. పక్కటెముకలు కొన్ని తీసేసే ఆపరేషన్. ఆ రోజు చేరకపోతే మంచం ఇంకొకరికి పోతుంది. మళ్ళీ ఏడు నెలలు ఆగే ఓపిక ఆమె ఒంట్లో లేదని డాక్టరు సదాశివతో విడిగా చెప్పాడు.

అందుకే ఆ గురువారం రొట్టె చివరి ముక్క చేతిలోనే ఎండిపోయింది. నవల చివర వకుళ చచ్చిపోయింది. గుట్ట మీది ఆసుపత్రిలో, ఆపరేషన్ బల్ల మీద.

సదాశివకు కోపం వచ్చింది. ఈ మూడు నాలుగేళ్ళలో వచ్చిన నవలల్లో ఎవరో ఒకరు దగ్గకుండా కథ నడవడం లేదు. నూరో పేజీ లోపే చేతిరుమాలు మీద ఎర్రచుక్క కనిపిస్తుంది. ఇక అక్కడి నుంచి ఆమె కిటికీ పక్కన కూర్చుని వెన్నెల చూస్తూ చక్కని మాటలు చెబుతుంది. ఆ జబ్బు మనిషిని, కోమలవల్లిని, ఐదు అడుగుల దూరం నుంచి రెండేళ్ళు చూసినవాడు ఆయన. వాళ్ళు వెన్నెల చూడరు. చెమటకు తడిసిన రవిక మార్చుకునే శక్తి లేక ఏడుస్తారు. ఎదుటివాళ్ళ కంచం నిండా అన్నం చూసి, అకారణంగా ద్వేషిస్తారు.

చెడ్డ నవలైతే భయం లేకపోయేది. వీడికి రాయడం వచ్చు. అదే వచ్చిన చిక్కు. ఆసుపత్రి వరండాలో ఫినాయిలు వాసన, బరువు తూచే కాటా మీద నిలబడ్డప్పుడు ముల్లు వెనక్కి పోతుందేమోనన్న భయం, అన్నీ ఉన్నట్టే రాశాడు. అంచుల్లో పాఠకులు పెన్సిలుతో రాసిన మాటలు వేరే. 'అయ్యో', 'ఇక్కడ నిలబెట్టి చదవండి', 'మా చెల్లెలు కూడా ఇట్లాగే'.

"అయిపోయిందా చిన్నాయనా?" వాకిలి అవతలి నుంచి నళిని గొంతు వచ్చింది. "ఎంతసేపు నములుతరు దాన్ని? నాకు రేపే కావాలె."

"అట్ట ఏయించాలె బిడ్డా. శనివారం ఇస్త."

"వకుళ బతుకుతదా?"

కిరసనాయిలు దీపం వెలుగులో ఆమె మొహం కనపడలేదు. మంచం మీద లేచి కూర్చున్న నీడ మాత్రం కనిపించింది.

"బతుకుతది," అన్నాడు సదాశివ.

పుస్తకం ఎక్కడో పోయిందని చెప్పి తప్పించుకోవచ్చు. కానీ అలా చెబితే ఎందుకు పోయిందో ఆమె రెండు నిమిషాల్లో కనిపెడుతుంది. బళ్ళో ఎంత మంది పిల్లల అబద్ధాలు చూసిన మనిషి!

మర్నాడు ఆఫీసుకు పోతూ ఛత్తా బజార్‌లో దస్తగీర్ కొట్టు దగ్గర ఆగాడు. దస్తగీర్ తాతల నాటి నుంచి జిల్దుసాజు, పుస్తకాలు కుట్టి అట్టలు వేసేవాడు. ఉర్దూ కితాబులు, కచేరీ రిజిస్టర్లు కుట్టి కుట్టి అతని వేలి చివర్లు కొయ్యలా గట్టిపడ్డాయి. పుస్తకంలో పదహారు పేజీల మడతను వాళ్ళు జుజ్ అంటారు. జుజ్ మీద జుజ్ పేర్చి దారంతో కుడితే పుస్తకం. దస్తగీర్‌కు తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు.

"సలాం సాబ్. గీ పుస్తకం కుక్కల నోట్లకెళ్ళి గుంజిన్రా ఏంది?"

"మనుషుల నోట్లకెల్లే భాయ్. అట్ట ఏయాలె. ఇంకొక పని..." సదాశివ అటూ ఇటూ చూశాడు. "ఆఖరి జుజ్ కుట్టకు. విడిగ ఉంచు. వారం పది దినాలైనంక తెస్త, అప్పుడు మళ్ళ కలిపి కుట్టు."

"ఆఖరిదా? ఎందుకు సాబ్, పురుగు తిన్నదా?"

"లేదు. చదివేటామెకు పానం బాగలేదు. అండ్లున్నది ఆమె కండ్ల పడొద్దు."

దస్తగీర్ పుస్తకాన్ని మోకాలి మీద పెట్టుకుని కాసేపు నిమిరాడు. "సమజైంది సాబ్. మా బిడ్డ బిల్కీస్ గూడ గంతే. మా అమ్మ కిస్సా చెప్తుంటే, హీరో సచ్చే కాడికి రాంగనె పొయ్యి మీద పాలు పొంగుతున్నయని లేసి పోతది."

"మంచిదే గద, పాలు..."

"ఇంట్ల పాలే ఉండయి సాబ్!" అని దస్తగీర్ పళ్ళు బయటపెట్టి నవ్వాడు. "ఫికర్ చేయకుండ్రి. ఆఖరి జుజ్ నా జిమ్మ."

పేజీ తెరిచి చూపించాలని సదాశివకు తోచలేదు. చేస్తున్న పని దొంగతనంలా అనిపించి, తొందరగా మెట్లు దిగిపోయాడు.

శనివారం ఆఫీసు వదిలాక వెళ్తే, ఉర్దూ పేపరులో చుట్టిన పుస్తకం సిద్ధంగా ఉంది. దాంతో పాటు చిన్న మడత. "ఇగో కితాబ్. ఇగో మీ ఆఖరి జుజ్." సదాశివ మడతను కోటు లోపలి జేబులో వేసుకుని, పుస్తకాన్ని ఇంటికి తెచ్చి, కట్టు విప్పకుండానే నాగమణమ్మకు ఇచ్చాడు. ఆవిడ దాన్ని నళిని గది గడప మీద పెట్టి రెండడుగులు వెనక్కి జరిగింది. ఏడు నెలలుగా అన్నం కంచమూ అట్లాగే పెడుతోంది. కోడలంటే ప్రేమ లేక కాదు. ఆవిడ చెల్లెలు ఇద్దరు పిల్లలతో సహా ఇదే జబ్బుతో పోయింది. రాత్రి ఆ గది తలుపు బయటి నుంచి వేసేటప్పుడు కూడా గొళ్ళెం గట్టిగా కొట్టేది, జబ్బు విని భయపడుతుందేమో అన్నట్టు. ఆ చప్పుడుకు ప్రతి రాత్రీ సదాశివ ఒంట్లో ఏదో ఉలిక్కిపడేది.

తర్వాత ఆయన అలవాటు ప్రకారం పఠనమందిరానికి పోయాడు. సాయంత్రం పేపరు అక్కడ విడివిడి కాగితాలుగా నలుగురి చేతుల్లో తిరుగుతుంది. ధరవరలు చదివినాయన అయ్యాక గాని మొదటి పేజీ మీ దగ్గరకు రాదు. వంతు రావడానికి ఆలస్యమయింది. అచ్చుకాగితం దగ్గర్లో ఉండి చదవకుండా కూర్చోవడం సదాశివకు చేతకాదు. పొట్లం కట్టిన కాగితమైనా సరే. చేయి దానంతటదే జేబులోకి పోయింది.

మడత విప్పాడు. తొమ్మిదేళ్ళ వకుళ జామచెట్టు కొమ్మ మీద కూర్చుని ఉంది. బడికి పోనని, కిందికి దిగనని, పంతులుగారు ఊరు మారేదాకా ఇక్కడే ఉంటానని చెబుతోంది.

రెండు వాక్యాలు చదివి చిన్నగా నవ్వుకున్నాడు కూడా. మూడో వాక్యం దగ్గర ఆగిపోయాడు. ఇది మొదలు.

అట్ట లేని పుస్తకం. పేరు కాగితం లేదు. పేజీల అంకెలు కూడా తెలుగువే. దాన్ని దస్తగీర్ మోకాలి మీద పెట్టుకుని, పుట్టినప్పటి నుంచి తెరిచినట్టు కుడివైపు నుంచి తెరిచి ఉంటాడు. ఉర్దూ కితాబు ఎక్కడ ముగుస్తుందో అక్కడి మడత ఊడదీసి, ఆఖరిదని పక్కన పెట్టాడు. అతని తప్పు కాదు. ఆఫీసులో ముప్పై ఏళ్ళుగా ఉర్దూ ఫైళ్ళు కుడి నుంచి తిప్పి, ఇంటికొచ్చి తెలుగు నవలలు ఎడమ నుంచి తిప్పిన మనిషి సదాశివ. ఆఖరు అంటే ఎటువైపో చెప్పాల్సినవాడు ఆయనే.

"ఏమాయె సార్? మొకం తెల్లబడ్డది," అన్నాడు బాలకిషన్.

"పొయ్యి మీద పాలు పెట్టొచ్చిన," అని సదాశివ చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు.

ఇంటికొచ్చేసరికి నాగమణమ్మ వాకిట్లో చాటలో బియ్యం ఏరుతోంది. "ఏం పుస్తకమో తమ్మీ, తీసుకున్నప్పటి సంది సప్పుడు లేదు. దగ్గు గూడ తగ్గినట్టున్నది. మస్తు బాగున్నట్టుంది."

సదాశివ గడపకు ఇవతల తన పీట మీద కూర్చున్నాడు. నళిని గోడకు ఆనుకుని ఉంది. పుస్తకం ఒళ్ళో మూసి ఉంది. కొత్త నల్ల అట్ట మీద దస్తగీర్ అంటించిన చీటీ వెనకవైపుకు ఉంది.

"రాండ్రి చిన్నాయనా. మీ దస్తగీర్ మొదలు మింగిండు," అంది. "పదిహేడో పేజీల షురువైంది, సగం మాట నుంచి. పోయిన పేజీలు ఎనక కుట్టిండేమోనని ఎనకకు తిప్పి చూసిన."

ఆయన చేయి జేబులోని మడత మీదికి పోయింది.

"బతుకుతది అన్నరు."

"అన్న."

"మీరు చదివినంకనే అన్నరు."

సదాశివ జేబులోంచి మడత తీసి గడప మీద పెట్టాడు. "ఇది నీ దగ్గర ఉండాలె. అది నా జేబుల ఉండాలె. ఆఖరి జుజ్ తీయమన్న. వాడు వాని లెక్కల ఆఖరిది తీసిండు."

ఆమెకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. అర్థమయ్యాక నవ్వింది. బడిలో పిల్లలు చేసిన పనికి నవ్వినట్టు, నిజంగానే నవ్వింది. ఆ నవ్వు దగ్గయింది. సదాశివ మొహం వాకిలి వైపు తిప్పుకున్నాడు. అట్లా తిప్పుకోవాలని కోమలవల్లి నేర్పింది. నాగమణమ్మ చేతిలో చాట ఆగిపోయింది. మూత ఉన్న గిన్నె తెరిచిన చప్పుడు, మూసిన చప్పుడు. ఆ తర్వాత చాలాసేపు ఊపిరి మాత్రమే.

"చిన్నమ్మకు గూడ గిట్లనే చేసిన్రా?"

"కుట్టు ఇప్పలేదు. నేనే చదివి ఇనిపించేటోన్ని గద. అట్లాంటి జాగ వస్తే దాటేసి చదివేటోన్ని."

"ఆమెకు తెల్వకుండనా?"

"తెల్వదనే అనుకున్న. పోయినంక ఆమె పుస్తకాలు సర్దుతుంటే చూసిన. నేను ఎక్కడెక్కడ దాటేసిన్నో, అక్కడక్కడ అంచుకు పెన్సిలు చుక్క. నేను ఆఫీసుకు పోయినంక ఎతికి చదువుకునేది. ఒక్క చుక్క గూడ తప్పలేదు."

"మరి మీకెందుకు చెప్పలె?"

"ఏమో బిడ్డా. దాటేసుకుంట చదవడం ఆమెకు గాదు, నాకు అవసరమనుకున్నదేమో."

మసీదు నుంచి మగ్రిబ్ పిలుపు మొదలయింది. అది ముగిసేదాకా నళిని దుప్పటి అంచును మడిచింది, విప్పింది.

"నాకు గట్ల చేయకుండ్రి. ఒక్క మాట అడుగుత. పేజీ దాటేయకుండ చెప్పుండ్రి. గా గుట్ట మీద చిన్నమ్మ ఉన్న గదిల ఎంతమంది? ఎంతమంది ఇంటికి పోయిన్రు?"

అబద్ధం నాలుక మీదికి వచ్చింది. ఎంత అలవాటయిందంటే, వెతుక్కోవాల్సిన పని కూడా లేకపోయింది. ఆయన తన చేతుల వైపు చూసుకున్నాడు.

"ఎనిమిది మంచాలు. కిటికీ పక్క ముసలామె, మేం పోయిన వారానికే పోయింది. ఆమె పక్కన ఇద్దరు అక్కాచెల్లెండ్లు, బార్కస్ దిక్కు నుంచి వచ్చిన్రు. చెల్లె పోయింది, అక్క ఇంటికి పోయింది. ఒక టీచరమ్మ ఇంటికి పోయింది. ఇద్దరు ఆపరేషన్ బల్ల మీదనే..." ఆగి, మళ్ళీ అందుకున్నాడు. "ఆపరేషన్ బల్ల మీదనే పోయిన్రు. ఏడోది మీ చిన్నమ్మ."

"ఎనిమిదో ఆమె?"

"ఇంటికి పోయింది. ఇప్పుడు సైదాబాద్‌ల కూరగాయలమ్ముతది. మొన్న నేను వంకాయలు ఒత్తి చూస్తున్ననని మస్తు తిట్టింది."

"గట్టిగనా?"

"బజారంత తిరిగి చూసింది."

"అయితే ఊపిరి బాగనే ఉన్నది ఆమెకు," అంది నళిని.

ఆమె గోడ వైపు చూస్తూ వేళ్ళు మడిచింది. "ఈ మంచం మీద పద్నాలుగు నవలలు చదివిన. దగ్గినోళ్ళు తొమ్మండుగురు. ఒక్కతి ఇంటికి రాలె. వకుళతోని పదిమంది. మీ లెక్కల ముగ్గురొచ్చిన్రు, నిజంగనా?"

"ముగ్గురు." ఐదుగురు రాలేదని ఆమెకు తెలుసు, ఆయనకూ తెలుసు. ఆ మాట ఇద్దరి మధ్యా గడప మీద కూర్చునే ఉంది. ఎవరూ దాన్ని పక్కకు తోయలేదు.

"సైదాబాద్‌ల యాడ కూసుంటది ఆమె?"

"మీ అమ్మ ఇంటి సందు మొదట్లనే."

"అయితే మా వోడు దినాం ఆమె ముంగటికెళ్ళే పోతుండొచ్చు." కాసేపు కళ్ళు మూసుకుంది. తెరిచాక అడిగింది. "పెన్సిలుందా?"

సదాశివ జేబులోంచి పెన్సిలు తీసి గడప మీద దొర్లించాడు. ఆమె పుస్తకం చివరి పేజీ తెరిచి, 'అయ్యో' అని ఎవరో రాసిన మాట కింద నిదానంగా రాసింది. రాసి, పుస్తకాన్ని ఆయన వైపు తిప్పి చూపించింది. బడిపంతులమ్మ గుండ్రటి అక్షరాలు. 'చివరి ముప్పై పేజీలు తొందరగా రాశాడు. ఆమెను ఏం చేయాలో తోచక చంపాడు.'

"బాలకిషన్ జూస్తే మీరే రాసిన్రనుకుంటడు," అంది.

"అనుకోనీ. నాకూ గట్లనే అనిపించింది. గింత మంచిగ చెప్పరాలె."

"సోమవారం టాంగ ఎన్ని గంటలకు?"

వాకిట్లో నాగమణమ్మ చాట కింద పెట్టేసింది. "ఏడింటికి బిడ్డా," అంది అక్కడి నుంచే. "రాజన్నకు చెప్పిన. మెల్లగ తోలుమన్న." ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుని, ఏరిన బియ్యంలోనే మళ్ళీ రాళ్ళు వెతకసాగింది.

"ఇగ ఆ మొదటి పేజీలు చదువుండ్రి," అంది నళిని, దిండు సర్దుకుని. "చిన్నమ్మకు చదివినట్టు గాదు. అన్నీ చదవాలె."

సదాశివ దీపం వత్తి కాస్త పెంచి, మడత విప్పాడు. వకుళ చావు తెలిసిన ఇద్దరి ముందు, తొమ్మిదేళ్ళ వకుళ జామచెట్టు ఎక్కింది. పంతులుగారు కిందికి దిగమన్నాడు. దిగనంది. తల్లి వచ్చి బతిమాలింది. దోరకాయ ఒకటి తల్లి నెత్తి మీద పడేసింది. ఆయన ఒక్క వాక్యం వదలకుండా చదివాడు. తండ్రి గురించి రాసిన పాడు పేరా కూడా వదల్లేదు. ఐదేళ్ళుగా ఎవరికీ చదివి వినిపించని గొంతు మొదట కీచుమంది, నాలుగో పేజీకి దారిలో పడింది.

తొమ్మిదో పేజీ దగ్గర నవ్వు వినిపించింది. పదకొండో పేజీ దగ్గర ఏమీ వినిపించలేదు. తలెత్తి చూశాడు. నోరు కొద్దిగా తెరిచి నిద్రపోయింది. మెడ దగ్గర ఎముకల మధ్య గుంట లోపలికి పోతోంది, పైకి వస్తోంది. సదాశివ దాన్ని కొంతసేపు లెక్కపెట్టాడు. ఆమె నిద్రపోయినా, మిగిలిన ఐదు పేజీలు కూడా గొంతు తగ్గించి చివరిదాకా చదివాడు.

నాగమణమ్మ గొళ్ళెం వేయడానికి లేవబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు. మడతను గడప మీద, నళిని లేవగానే చేతికి అందేలా పెట్టాడు. దీపం తగ్గించి, తలుపు రెక్కలు రెండూ కిర్రుమనకుండా కొంచెం పైకెత్తి పట్టి దగ్గరకు వేశాడు. గొళ్ళెం పెట్టలేదు.